ఎడమ పక్క సొట్ట

సినిమా వాళ్లు బండి తెచ్చి
కొత్తపేటలో నా షెడ్డు ముందు దింపారు.
తెల్ల అంబాసిడరు. లోపల
కోళ్లు పొదిగిన వాసన.

ఆర్ట్ డైరెక్టరు కుర్రాడు, మంచివాడే.
"డెబ్భై నాలుగులో కథ మాస్టారూ,
మిల్లు జీతాల డబ్బు దోపిడీ, ఈ ఊళ్లోనే.
అన్నీ కరెక్టుగా ఉండాలి.
ఒక్క తప్పున్నా జనం పట్టేస్తారు."

చుట్టూ ఒకసారి తిరిగి చూశాను.
బాబూ, ఇది మార్క్ ఫోరు.
జాలీ పక్కన ఈ చదరపు లైట్లు
అప్పటికింకా పుట్టనేలేదు.
నీకు కావలసింది మార్క్ టూ,
చదరంగం బల్లలాంటి మూతి ఉంటుంది.
ఈ ఏపీ ముప్పై అయిదు నెంబరు చెరిపెయ్.
ఆ జీపు తలుపు మీద
విజయనగరం జిల్లా పోలీసు అని రాయమన్నావు,
అప్పటికి మనకి జిల్లాయే లేదు నాయనా,
కలెక్టరు సంతకం కావాలంటే
విశాఖపట్నం రైలెక్కాలి.

కుర్రాడి మొహం వెలిగిపోయింది.
"మీకివన్నీ ఎలా తెలుసు?"

టర్పెంటైన్‌లో బ్రష్షు కడుక్కుంటూ ఊరుకున్నాను.

నాకప్పుడు పదకొండేళ్లు.
ఈ షెడ్డే, పైన తాటాకు.
అర్ధరాత్రి ఇద్దరు కానిస్టేబుళ్లు
ఇంజను ఆపేసిన బండిని తోసుకుంటూ వచ్చారు.
వెనకాల ఇనస్పెక్టరు, చేతిలో చీటీ.
"అప్పలస్వామీ, ఈ నెంబరెయ్యి."

మా అయ్య చీటీ చూశాడు, బండి చూశాడు.
"ఇది రైసుమిల్లోళ్ల బండి కాదు కదా బాబూ.
దానికి ముందర మడ్‌గార్డు సొట్టుంటాది,
బాగు సేయమని నా కాడికే తెచ్చినారు."

ఇనస్పెక్టరు సిగరెట్టు ముట్టించాడు.
"అయితే సొట్ట కూడా పెట్టు."

లాంతరు నేనే పట్టుకున్నాను.
నల్ల పలక మీద తెల్ల అంకెలు,
ఆరీ ఆరకుండానే వాటి మీద
బురద, మడ్డి నూనె, పాత గుడ్డ.
తర్వాత సుత్తి తీసుకుని
అయ్య కుడి పక్కకి నడిచాడు.

"ఎడం పక్క కదా అయ్యా?" అనబోయాను.
కాలి బొటనవేలు తొక్కిపెట్టాడు.
వాళ్లు వెళ్లాక అన్నాడు,
"నోరు ముయ్యిరా గుంటడా.
వకీలు సూస్తాడు. వకీలు అడుగుతాడు."

ఆ బండి గేదెల సన్నాసి పెరట్లో దొరికింది.
దొరికిందని రాశారు.
రైసుమిల్లు డ్రైవరు సన్నాసికి
ఆ రాత్రి చలిజ్వరం, మూడు దుప్పట్లు.
కోర్టు ముందు బండి నిలబెట్టారు.
వాచ్‌మాను వేలు చూపించాడు,
"ఇదే బండి, ఇదిగో సొట్ట."
వకీలు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
అడగలేదు.
ఏడేళ్లు.

ఆ తర్వాత మా అయ్య అంకెలు రాయలేదు.
లారీల వెనక నెమళ్లు వేశాడు, తామరపూలు వేశాడు,
హోటలు బోర్డు మీద ఇడ్లీ రాసి
ధర దగ్గరికొచ్చేసరికి
బ్రష్షు నా చేతిలో పెట్టి
బీడీకని బయటికెళ్లేవాడు.

పది రోజులకి పలాస నించి మార్క్ టూ వచ్చింది.
ముద్దొచ్చేలా ఉంది, మూతి నిండా గళ్లు.
నెంబరు రాశాను, బురద పూశాను.
కుర్రాడు ఫోను నా ముందు పెట్టాడు,
కోర్టు కాగితాల్లోంచి తీసిన ఫొటో.
"అసలు బండి ఇదే మాస్టారూ.
ఈ సొట్ట కూడా దించెయ్యండి,
అచ్చం ఇలాగే, ఇక్కడే."

చాలాసేపు చూశాను.
ఎన్ని దెబ్బలు కొట్టాడో లెక్కపెట్టొచ్చు.
మూడు. మూడోది కొంచెం వణికింది.

అయ్య సుత్తి పిడి రెండుసార్లు మార్చాను,
తల మాత్రం అదే.
ఎడమ పక్కకి వెళ్లి కొట్టాను.

"అయ్యో, ఫొటోలో కుడి కదండీ!"
ఫొటో తప్పు బాబూ, అన్నాను.

కుర్రాడు ఫొటో వంకా నా వంకా చూశాడు.
"రేపు ఎవరైనా పట్టుకుంటే?"

పట్టుకోనీ.
యాభై ఏళ్ల నించి
అందుకే కదా చూస్తున్నాం.